పచ్చగడ్డి చానెల్

టీవీలో తన బీడు కనిపించగానే రంగమ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది.

అర్ధవీడు పక్కన ఆమె గొర్రెలు మూడు తరాలుగా మేసిన నేల అది. రియల్ ఎస్టేట్ వ్యాపారి చక్రధర్ దానికి కంచె వేయించి, గోల్ఫ్ మైదానం చేసి, ఇరవై నాలుగు గంటలూ గోల్ఫే చూపించే చానెల్ పెట్టాడు. ఆట పేరు చెప్పి చుట్టూ విల్లాలు అమ్ముకోవడం అతని ఎత్తు. రంగమ్మ భర్త లింగయ్య ఆ కంచె దగ్గర నెలల తరబడి గొడవపడి, చివరికి అక్కడే కూలబడి ప్రాణం విడిచాడు. ఆ చోట ఇప్పుడు జెండా పాతిన గుంత ఉంది.

ఏడాదిలో చానెల్ పేరు హైదరాబాదు దాకా పాకింది. తెలుగులో గోల్ఫ్ వ్యాఖ్యానం విని మార్కాపురం ఆటోవాళ్లు కూడా నవ్వుకుంటూ చూశారు. పెద్ద టోర్నమెంటు ఖాయమైంది. సరిగ్గా అప్పుడే గడ్డి పాలిపోయింది.

మేనేజర్ మహేంద్ర రంగమ్మ ఇంటికి వచ్చాడు.

"అవ్వా, గొర్రెల్ని పది దినాలు మైదానంలో నిలిపి మంద కడతావా? పెంట పడితే గడ్డి పచ్చగా లేస్తాదంట."

"కడతా నాయనా. నెల ఆగు. బాగా మేపి తోలుకొస్తా."

పక్కింటి రోశమ్మ ఊరుకోలేదు. "ఏంది వదినా, అన్నను మింగినోళ్ల గడ్డికి నువ్వు ఎరువేస్తావా? సిగ్గు లేదా?"

నెల తిరగ్గానే రంగమ్మ మందను తోలుకెళ్లింది. పది రోజులూ మైదానంలో ఏ మూలా వదలకుండా మంద కట్టింది. ఊరు ఆమెతో మాటలు మానేసింది.

వానలు పడ్డాయి. గడ్డి నిగనిగలాడింది. చక్రధర్ కెమెరా ముందు రంగమ్మకు శాలువా కప్పాడు. ఆమె తల వంచి కప్పించుకుంది.

తర్వాత గడ్డిలోంచి సర్కారు తుమ్మ మొలకలు లేచాయి. వేలకు వేలు. కోస్తే గుబురుగా వచ్చాయి. పీకితే వేరు తెగి మళ్లీ మొలిచాయి. టోర్నమెంటు రోజున బెంగళూరు ఆటగాడొకడు బంతి తీయబోతే అరచేతిలో ముల్లు దిగింది. అతని కేకను చానెల్ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది.

ప్రకటనలు ఆగిపోయాయి. విల్లాలు కొంటామన్నవాళ్లు మొహం చాటేశారు. ఉగాది లోపు చానెల్ మూతపడింది. చక్రధర్ కంచె కూడా పీక్కుని వెళ్లిపోయాడు.

"దేవుడే చూసినాడు వదినా," అంది రోశమ్మ.

రంగమ్మ తృప్తిగా నవ్వి, మందను బీడులోకి తోలింది.

గడువు అడిగిన ఆ నెల రోజులూ ఆమె వాగు గట్లన్నీ తిరిగి, గొర్రె కడుపులో గింజ అరగని సర్కారు తుమ్మకాయలే ఏరి తెచ్చి మందకు మేపింది.