ఎక్కడ పోతున్నాయి?

"మళ్లీ పోయాయి," అన్నాడు ఉడుంపట్టు సార్.

ఆ డేటా సెంటర్‌లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వందల కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్ స్విచ్చుని కొత్త కంపెనీ ఏది తెచ్చినా ఆయన చేతిలో పడాల్సిందే. పరీక్ష మిషన్ ఒక వైపు నుంచి నిమిషానికి వందల కోట్ల సమాచార ప్యాకెట్లు స్విచ్చులోకి తోస్తుంది. రెండో వైపు ఎన్ని బయటికొచ్చాయో చూసుకుంటుంది. ఒక్కటి తగ్గినా స్విచ్చు ఇంటికే. సొంత తమ్ముడు తెచ్చినా ఆయన వదలడు.

ఈసారి తెచ్చింది అక్కాతమ్ముళ్లు. అక్క బోర్డు తయారుచేసింది, తమ్ముడు దానికి ప్రోగ్రాం రాశాడు. పదమూడు మంది ఆరేళ్లు చాకిరీ చేస్తే తేలింది ఈ ఒక్క స్విచ్చు. ఇది నెగ్గితే కంపెనీ నిలుస్తుంది. లేదంటే ఇక్కడ కడుతున్న కొత్త హాలుకి ఎప్పటిలాగే పెద్ద కంపెనీ సరుకు వస్తుంది. దానికి పరీక్షలుండవు, పేరు చూస్తే చాలు.

పోయే ప్యాకెట్లు పట్టుమని పాతిక కూడా లేవు. కానీ పోతున్నాయి.

మొదటి రోజంతా కేబుళ్లు మార్చారు, పోర్టులు మార్చారు, ఫ్యాన్లు ఊడదీసి మళ్లీ బిగించారు. ఆ గది చలికి అక్క వేళ్లు కొంకర్లు పోయాయి. అయినా స్క్రూడ్రైవరు వదల్లేదు.

"మన దగ్గర ఒక్కటీ పోలేదు కదక్కా!"

"మన దగ్గర ఇంత మిషన్ ఎక్కడేడ్చింది? సగం స్పీడులోనేగా చూసుకున్నాం."

రెండో రోజు మధ్యాహ్నానికి మాటలు ముదిరాయి.

"నీ బోర్డులోనే ఏదో ఉంది. నా ప్రోగ్రాం వందసార్లు చదివా."

"చదివితే సరా? బుర్రకెక్కాలిగా!"

ఉడుంపట్టు సార్ మొహం తిప్పుకున్నాడు. ఆయనకి నిజంగానే జాలేసింది. కానీ జాలి రాసుకోవడానికి రిపోర్టులో చోటు లేదు.

మూడో రోజు తమ్ముడు ల్యాప్‌టాప్ మూసేశాడు.

"తప్పు నాదే సార్. మా అక్క బోర్డు బంగారం. అలాగే రాసుకోండి."

అలా అనకురా అని అక్క అంటుందేమోనని ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. ఆమె స్విచ్చుని అట్టపెట్టెలో పెట్టి టేపు అంటించుకుంటూ కూర్చుంది.

సార్ 'పనికిరాదు' అని రాసి సంతకం పెట్టాడు. ఒకే కారులో వచ్చినవాళ్లు వేరువేరుగా వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా కంపెనీ మూతపడింది. పదమూడు మందీ చెల్లాచెదురయ్యారు. తమ్ముడు ప్రోగ్రాములు రాయడమే మానేశాడట. అతని పేరెత్తితే అక్క లేచి అవతలికి వెళ్లిపోతోందట.

ఈ కబుర్లు చెవిన పడ్డ వారమే పరీక్ష మిషన్‌ని ఏడాదికోసారి చేయించే తనిఖీకి పంపాల్సి వచ్చింది. దానితోపాటు పంపే కాగితం నింపడానికి, ఉడుంపట్టు సార్ మిషన్ రెండు వైపుల్నీ ఒకే కేబుల్‌తో నేరుగా కలిపి బటన్ నొక్కాడు. మధ్యలో ఏ స్విచ్చూ లేదు.

అయినా ప్యాకెట్లు పోయాయి.