ఊపిరి చప్పుడు

"మైకులో మీ ఊపిరి పడుతోందండి," అన్నాడు రాజరత్నం హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ. "ఇంకోసారి చదవండి."

శివరామకృష్ణ కాగితం మళ్లీ ఎత్తాడు. "మా నాన్నగారు పల్లంరాజు గారు ఈ ఉదయం తొమ్మిది గంటలకు స్వర్గస్థులయ్యారని..."

బయట స్కూలు బస్సు గట్టిగా హారన్ కొట్టింది. ఆ టేకూ పోయింది.

"ఎనిమిదింటి బస్సండి, ఇంక రాదు," అన్నాడు శివరామకృష్ణ. "అయినా ఎలా ఉంటే అలా ఇచ్చెయ్యండి. కాకినాడ నుంచి మా చెల్లెలు వచ్చేలోపు మైకు ఆటో ఊళ్లో తిరిగెయ్యాలి."

రాజరత్నం అలా ఇచ్చేసే రకం కాదు. పాలకొల్లు చుట్టుపక్కల చావు కబురు చెప్పే ఆటోల్లో సగానికి అతని రికార్డింగులే. మాటలు అతని చెవికెక్కవు. ఎన్ని వందల చావులని వింటాడు? చప్పుడొక్కటే ఎక్కుతుంది. హాలంతా టైల్స్, గొంతు గింగురుమంటోందని, పరుపులూ బట్టలూ ఉన్న ఈ లోపలి గదే కావాలని పట్టుబట్టిందీ అతనే. శివరామకృష్ణ ముందు వద్దన్నాడు. మంచం మీద పెద్దాయన ఉన్నారు మరి, మొహం మీదికి దుప్పటి కప్పి. రాజరత్నానికి అదేమీ కొత్త కాదు.

మైకుకి స్పాంజి తొడిగాడు. జానెడు వెనక్కి జరగమన్నాడు. ఊపిరి తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పమన్నాడు. తగ్గలేదు. చివరికి మైకునే నోటికి ఎదురుగా కాకుండా, మంచం వైపు ఓరగా తిప్పాడు. చప్పుడు ఇంకా పెరిగింది.

పాపం, ఏడుపు ఆపుకుంటున్నాడు కాబోలని రాజరత్నానికి జాలేసింది.

"ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టండి బాబూ. ఉత్త గది ఎలా ఉందో వింటాను."

శివరామకృష్ణ బిగబట్టాడు. హెడ్‌ఫోన్లలో ఊపిరి వినిపిస్తూనే ఉంది. తనదేమోనని రాజరత్నం కూడా బిగబట్టాడు. సన్నగా, గరగరమంటూ, ఆగి ఆగి వస్తూనే ఉంది.

అతని చూపు మెల్లగా మంచం మీదికి వెళ్లింది.

"బాబూ... మీ నాన్నగారికి... ఊపిరి ఆడుతోందండి!"

శివరామకృష్ణ గోడ గడియారం వైపు ఒకసారి చూసి, కంగారేమీ లేకుండా లేచి తలుపు గడియ పెట్టాడు.

"తొమ్మిదింటికల్లా ఆగిపోతుందండి."