ఆదివారం చెప్పే పేరు

“ఎవ్వరు రారు గని, తాళమేసి పోదాం బాపూ,” అన్నాడు భూమేశ్.

కిష్టయ్య కదల్లేదు. ఎల్లారెడ్డి రోడ్డు మీది ఆ ఊళ్లో కులసంఘానికి ఆయనే పెద్ద. భూమేశ్ కార్యదర్శి, ఆయన్ని వరసకు బాపు అంటాడు. సంఘం భవనంలో వేసిన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాళ్లిద్దరూ కాక వచ్చింది ఒక చెవిటి ముసలాయన. ఆయన కూడా ఫ్యాను కోసమే వచ్చాడు.

“పొద్దుగాల గ్రూపుల అందరు దండాలు పెట్టిరి గదరా?”

“ఫోన్ల దండం పెట్టుడెంత సేపు బాపు? ఏలుతోని అయిపోతది.”

“మీటింగు సంగతి ఇడిసిపెట్టు. పాడె మోసెతందుకు గూడ మనిషి దొరుకుతలేడు. మా అన్న సచ్చిపోతె పక్క ఊరోళ్లను బతిమాలుకున్నం.”

భూమేశ్ తల దించుకున్నాడు. ఆ రోజు తనూ పోలేదు. దుకాణం సామానుకని కామారెడ్డి పోయాడు.

కిష్టయ్య చాలాసేపు ఆ కుర్చీల వైపే చూశాడు. “ఫోన్ తియ్యి. నేను చెప్పింది రాయి,” అన్నాడు. “వచ్చే ఆదివారం ఒక ఇంటిని కులం బయట పెడుతున్నం. పేరు మీటింగుల్నే చెప్తం. ఇంటికొకరు రావాలె.”

భూమేశ్ వేలు ఆగింది. “ఎవలిది బాపు, ఆ ఇల్లు?”

“రాయిరా ముందుగాల.”

రాశాడు. ఈసారి గ్రూపులో ఎవరూ దండం పెట్టలేదు.

కులం బయట పెడితే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు. నాట్లకు కూలీలు పోరు. పెళ్లికి పిలవరు, చావుకు రారు. భూమేశ్‌ది కిరాణా దుకాణం. జనం గడప తొక్కకపోతే దుకాణం లేదు. దుకాణం లేకపోతే పొయ్యి వెలగదు.

రోజూ వచ్చే రాజేశం మర్నాడు బీడీలకు రాలేదు. దుకాణం ముందు నుంచే తల తిప్పుకుని పోతున్నాడు.

“ఏంది రాజేశన్నా, గట్ల పోతున్నవ్?”

“బీడీలు బంద్ జేసిన తమ్మీ.”

నోట్లో బీడీ వెలుగుతూనే ఉంది.

కాసేపటికి భూమక్క వచ్చింది. ఏమీ కొనలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“కార్యదర్శివి గద, నీకు ఎరికె ఉంటది. నా ఇల్లేనా? చెప్పు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత.”

“నాకు తెల్వదక్కా, ఒట్టు.”

“తెల్వదంటున్నవంటె నాదే అన్నట్టు,” అని కొంగు నోట్లో కుక్కుకుని పోయింది.

సాయంత్రం దాకా ఇంకెవరూ రాలేదు. భార్య సుష్మిత గల్లా దగ్గరికి వచ్చి నిలబడింది.

“అందరు మన దిక్కే సూస్తుండ్రు. పోయి అడుగరాదు?”

“అడిగితె తప్పు ఒప్పుకున్నట్టే గదనే.”

అయినా పోయాడు. కిష్టయ్య అన్నం తింటున్నాడు. వడ్డిస్తున్న ఆయన భార్య అనసూయమ్మ, భూమేశ్‌ను చూడగానే చప్పున లోపలికి పోయింది.

“బాపు, పెద్దబాపు పాడెకు నేను రాకపోవుడు తప్పే. మాఫ్ జెయ్యి.”

“అన్ని ఆదివారం మాట్లాడుకుందాం. అందరు వస్తున్నరా?”

“వస్తున్నరు.”

కిష్టయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి, పేరు తనదేనని భూమేశ్ తేల్చుకున్నాడు.

ఆదివారం భవనం నిండిపోయింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. కామారెడ్డిలో నౌకరీ చేసేవాళ్లు కూడా బండ్లు వేసుకుని వచ్చారు. అంతమంది ఉన్నా ఒక దగ్గు వినిపించలేదు. ఎవరూ పక్కవాడి ముఖం చూడటం లేదు. పేరు పడ్డవాడి పక్కన కూర్చున్నామని రేపు ఎవరైనా అంటారేమోనని భయం.

కిష్టయ్య మైకు దగ్గరికి వచ్చాడు. జనాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. అందరినీ దాటి ఆయన చూపు భూమేశ్ మీద ఆగింది.

“భూమేశ్, ఇటు రారా.”

కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. పోయేటప్పుడు వాళ్ల పంచెలు కూడా తనకు తగలకుండా జరుపుకోవడం భూమేశ్ చూశాడు. కిష్టయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు సవరించుకున్నాడు. మైకు వైపు వంగాడు.

భూమేశ్ మైకు గుంజుకున్నాడు.

“కులం బయట పెట్టేది కిష్టయ్య ఇల్లు!”

ఎందుకని ఎవరూ అడగలేదు. ముందుగా రాజేశం చెయ్యి లేచింది. వెంటనే భూమక్క చెయ్యి. ఆ తర్వాత భవనంలో ఉన్న చేతులన్నీ లేచాయి. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

కిష్టయ్య చెయ్యి ఇంకా భూమేశ్ భుజం మీదే ఉంది.

“పేరే లేకుండెరా,” అన్నాడు మెల్లగా. “ఒక్కసారన్న అందరు వస్తరని గట్ల రాయిచ్చిన. ఇంతమందిని పోగు జేసినవని నిన్ను మెచ్చుకుందామని పిలిచిన.”

ఆ మాట మైకులో అందరికీ వినబడింది. లేచిన చెయ్యి ఒక్కటీ దిగలేదు.