వెనక ఆగిన వ్యాన్

కారు మళ్లీ ఎగిరిపడి ఆగిపోయింది.

వెనక సీట్లో లడ్డూల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సుష్మకు నవ్వు ఆగలేదు. పెళ్లయి నెలే. ఈ మధ్య ఆమెకు దేన్ని చూసినా నవ్వే వస్తోంది, మొగుడు మొహం ముడుచుకున్నా సరే.

"క్లచ్చు మెల్లగ వదులుమంటే గట్ల దుంకిస్తవేందే?" నరేందర్ చెల్లెలి మీద విసుక్కున్నాడు.

వర్షకు మొన్ననే పద్దెనిమిది నిండాయి. బోధన్ దాటాక ఖాళీ రోడ్డు మీద బాగానే నడిపింది. కాలువ వంతెన ఎక్కే ఎత్తు మీద చిక్కుకుపోయింది. బ్రేకు వదిలితే చాలు, కారు వెనక్కి జారుతోంది. పక్కనుంచి ఇంకో బండి పోయే జాగా లేదు.

అప్పుడే వెనక ఒక తెల్ల వ్యాన్ వచ్చి ఆగింది.

"దిగు. నేను తీస్త," అన్నాడు నరేందర్.

"ఇప్పుడు దిగితే ఇగ ఎన్నడు స్టీరింగ్ ముట్టనన్నా." వర్ష స్టీరింగ్ వదల్లేదు.

వ్యాన్ నడిపే మనిషి దిగి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, మాసిన గడ్డం. తిట్టడానికే వస్తున్నాడనుకుంది సుష్మ. అతను వంగి, కారు చక్రం వెనక ఒక రాయి పెట్టాడు.

"రాయి పెట్టిన బిడ్డా. ఎన్కకు రాదు. బుగులు పడకు."

"మీకు ఆల్షమైతదన్నా. నేను తీసేస్త," అన్నాడు నరేందర్.

"ఆమెనే తియ్యనియ్యి తమ్మీ. నాకేం తొందర లేదు."

కిటికీ పక్కన నిలబడి చెప్పాడు. "క్లచ్చు జరంత వదులు. బండి వణుకుతది. ఆడనే కాలు ఆపి రేసు ఇయ్యి."

ఆగిపోయింది. మళ్లీ ఆగిపోయింది. వెనక ఎవరో బైకతను హారన్ కొడితే చెయ్యెత్తి ఆపాడు.

"మా ఇంటామె గూడ ఈ ఎత్తు మీదనే నేర్సుకున్నది. నాకంటె మంచిగ నడుపుతది."

"వదినె బండ్లె ఉన్నదా?" కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది సుష్మ.

"ఉన్నది."

"రమ్మనున్రి, మా వర్షకు జర ధైర్యం చెప్తది."

"ఉండనియ్యమ్మా."

చివరికి కారు వణుక్కుంటూనే ఎక్కేసింది. వంతెన దిగి పక్కకు ఆపి, వర్ష ఏడుస్తూ నవ్వింది. వ్యాన్ రాగానే సుష్మ అడ్డం వెళ్లి ఆపి, రెండు లడ్డూలు అతని చేతిలో పెట్టింది.

"ఒకటి వదినెకు. ఒక్క సెల్ఫీ అన్నా, జర నవ్వున్రి."

అతను నవ్వాడు.

వ్యాన్ వెళ్లిపోయాక నరేందర్ అన్నాడు, "మంచి ఖాళీ మనిషి దొరికిండు. పెండ్లాంతోని ఇంటికి పోతే పని చెప్తదనుకుంట."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

తర్వాతి ఊళ్లో దారి నిండా జనం. వాళ్ల మధ్య అదే తెల్ల వ్యాన్. వర్ష మెల్లగా కారు ఆపింది.

"ఏమైందవ్వా?" పక్కనే నిలబడ్డ ముసలామెను అడిగాడు నరేందర్.

"మా భూమేషు ఇప్పుడొచ్చిండు బిడ్డా, నిజామాబాద్ దవఖాన్ల నుంచి. ఆడపిల్లలిద్దరు పొద్దుగాల సంది పచ్చి మంచినీళ్లు ముట్టకుంట గడప కాడనే కూసున్నరు. ఎప్పుడో రావాలె. గింత ఆల్షమెందుకైందో."

సుష్మ గడప వైపు చూసింది. పెద్దది ఇంచుమించు వర్ష ఈడుది. చెల్లెల్ని పొదివి పట్టుకుని వ్యాన్ వైపే చూస్తోంది.

వర్ష స్టీరింగ్ మీదికి తల వాల్చేసింది.

"ఇంతసేపు ఏడున్నవు బావా?" గుంపులోంచి ఒకడు గొంతు చించుకుని అడిగాడు.

భూమేష్ తలెత్తి సుష్మ వాళ్ల కారును చూశాడు, చూసి, "తొవ్వల నా బండి ఖరాబైందిరా," అని, వ్యాన్ వెనక తలుపు తీసి, నలుగురు చేతులు చాపినా వద్దని భార్య శవాన్ని తానే ఎత్తుకుని దించాడు.