మేత కొమ్మలు

"మూడేళ్లైంది. ఈ మూల చెట్లు నా భుజమైనా దాటలేదు. గొర్రెల్ని తోలారా?" కొలత టేపు చుడుతూ అడిగాడు కార్బన్ క్రెడిట్ల కంపెనీ మనిషి.

"గొర్రెలెక్కడివి బాబూ? బీడు మళ్లీ అడవైతే డబ్బులిస్తామన్నారని మందంతా అమ్మేశాంగా," అంది కాపరి భార్య.

అతను ఓ కొమ్మ వంచి చూపించాడు. కత్తితో కోసిన గాటు. చెట్టు వెనక మోపులు మోపులుగా ఎండిన రెమ్మలు. ఒక్క ఆకునూ ఏ నోరూ ముట్టలేదు.

ఆమె పక్కనున్న మొగుడి మీద విరుచుకుపడింది. "ఏమయ్యా, మతి పోయిందా? ఎవరికని కోశావ్?"

ముసలాయన చేతిలోని కత్తి వంక చూసుకున్నాడు. "తెల్లారితే కాళ్లు ఇటే వస్తాయే. వచ్చాక చెయ్యి ఊరుకోదు."

"ఈ మూలకి ఈ ఏడు డబ్బు రాదు పెద్దాయనా." కంపెనీ మనిషి నీరసంగా పుస్తకం మూశాడు. చెమట తుడుచుకుంటూ పాత దొడ్డి వైపు నడిచాడు. "అమ్మా, ఈ తొట్టిలో నీళ్లు తేటగా ఉన్నాయి. మొహం కడుక్కోనా?"

మొగుణ్ణి ఇంకో మాట అనబోతూ ఆమె తొట్టి వైపు చూసింది.

గొర్రెల తొట్టి. పొద్దున్నే పాచి తోమి, అంచుదాకా నింపింది తనే.