గుడి తలుపు ఏ దిక్కు

“దక్షిణం దిక్కు దర్వాజ నేను పెట్ట, ఫాదర్,” అని మేస్త్రీ హనుమండ్లు తాపీ కింద పడేశాడు.

నస్పూర్ అవతల, బొగ్గుబాయి పనివాళ్ల వాడలో, డెబ్భై మూడులో కడుతున్న క్యాథలిక్ చర్చి అది. ఫాదర్ చూసుకునే ఆ విచారణకు, అంటే పారిష్‌కు, అదే మొదటి గుడి. క్రిస్మస్‌కు బిషప్పుగారు వచ్చి తెరవాలి. తలుపు దగ్గర పని ఆగిపోయింది.

ఫాదర్ కురియన్‌ది కేరళ. తెలుగు ఈ వాడలోనే నేర్చుకున్నారు.

“బండ్లబాట దక్షిణం దిక్కే ఉన్నది గద, హనుమండ్లు. తలుపు అటు లేకుంటె జనం ఎట్ల వస్తరు? గోడ దుంకి వస్తరా?”

“తూర్పుకు పెడ్త. సుట్టు తిరిగి వస్తరు.”

“తూర్పుకు సర్పంచు దొర జొన్న చేను ఉన్నది. జొన్నలు వస్తయా ప్రార్థనకు?”

వాడలో ప్రార్థనలు నేర్పే ఉపదేశి రాజయ్య నవ్వాపుకోలేక ఇసుక కుప్ప చాటుకు పోయాడు.

“మా తాత కట్టిండు, మా బాపు కట్టిండు. ఒక్క ఇంటికి దక్షిణం దర్వాజ లేదు. గిది పెడితె రేపటి సంది నన్ను గొడ్ల కొట్టం కట్ట గూడ ఎవ్వలు పిలువరు.”

“దేవునికి అన్ని దిక్కులు ఒక్కటే.”

“దేవునికేం ఫికర్, ఫాదర్. గీ ఊర్ల బత్కాల్సింది నేను.”

ఫాదర్‌కు ఇంకో మేస్త్రీ దొరకడు. హనుమండ్లుకు ఇంత పెద్ద పని మళ్లీ రాదు. మర్నాడు ఫాదర్ పది రోజుల ధ్యానానికి కేరళ పోతూ, బండి ఎక్కి ఒక్కటే మాట అన్నారు.

“నేను వచ్చేసరికి తలుపు బాట దిక్కే ఉండాలె. లేకుంటె నీ పని బంద్.”

“సరే ఫాదర్. బాట దిక్కే పెడ్త.”

ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటని రాజయ్య మేస్త్రీని ఎగాదిగా చూశాడు.

ఫాదర్ తిరిగొచ్చే రోజు రాజయ్య మంచిర్యాల స్టేషన్‌కు బండి కట్టుకుపోయాడు. రైల్లో నిద్రలేని ఫాదర్, బండిలో గడ్డి మీద ఒరిగి గురక పెట్టారు. బండి ఆగాక దిగి చూస్తే ఎదురుగా గుడి తలుపు. టేకు దర్వాజ, మామిడాకుల తోరణం. పొద్దుటి ఎండ తిన్నగా దాని మీదే పడుతోంది.

“హనుమండ్లు, నీకు నేనేం చెప్పిన?”

“బాట దిక్కు పెట్టుమన్నరు. పెట్టిన.”

“ఇది తూర్పు. ఇక్కడ బాట ఏది?”

హనుమండ్లు ఫాదర్ కాళ్ల వైపు చూశాడు. ఫాదర్ కూడా చూసుకున్నారు. చెప్పుల కింద కొత్తగా పోసిన ఎర్ర మొరం.

“మీరు నిలవడ్డది దాని మీదనే, ఫాదర్. గుడికి దక్షిణం తలుపంటె సర్పంచు సుదర్శన్‌రావు దొర గూడ ఒప్పుకోలే. తన జొన్న చేను కోపిచ్చి, బాటనే గిటు తిప్పిచ్చిండు.”