రెండు పెట్టి చూడప్పా

"పుస్తకం మీద గీస్తారేందండీ! మీకేమన్నా తిక్కనా?"

హయగ్రీవ అరుపుకి ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సంతా తిరిగి చూసింది.

పక్కసీటు పెద్దాయన ఎర్రపెన్ను గాల్లోనే ఆపి నవ్వాడు.

హయగ్రీవకి ఒళ్లు మండింది. మండదూ మరి! ఇంకాసేపట్లో ఎమ్మిగనూరులో లెక్కల లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు. ఇదీ తప్పితే మంత్రాలయంలో మేనమామ లాడ్జిలో కూర్చుని యాత్రికులకి తాళంచెవులు అందించుకోవడమే.

అందుకే ఆదోని బస్టాండు దగ్గర హుసేనప్ప షాపులో కొత్త గైడు కొని, లాగరిథమిక్ డిఫరెన్షియేషన్‌లో మొదటి లెక్కని కళ్లు మూసుకుని వల్లె వేస్తున్నాడు. తాతగారి దగ్గర వేదం చెప్పుకున్నవాడు. అక్షరం మారితే తొడపాశం. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడమే చదువని అతని నమ్మకం.

"కోపం వద్దప్పా," అన్నాడు పెద్దాయన. "ఎక్స్ పవర్ ఎక్స్‌కి జవాబు ఒకటి ప్లస్ లాగ్ ఎక్స్ అనుంది. చివర్లో మళ్లీ ఎక్స్ పవర్ ఎక్స్‌తో గుణించాల. అది ఎగిరిపోయినాది. రెండు పెట్టి చూడప్పా."

"ఎందుకు పెట్టాల?"

"రెండు పెడితే ఎక్స్ పవర్ ఎక్స్ నాలుగు. మూడు పెడితే ఇరవై ఏడు. నీ జవాబు ప్రకారం పెరిగే వేగమేమో రెండు చిల్లర దాటదు. ఈ బస్సు నడక చూస్తాండావు కదా. గంటలో హైదరాబాద్‌లో దించుతానంటే నమ్ముతావా?"

"నా బస్సు జోలికి రావద్దు," అన్నాడు కండక్టర్ వీరన్న. "ఆయప్పంతే సార్. ఈ మధ్య ఈ రూట్లోనే తిరుగుతాండాడు. ఎవురి సేతిలో ఆ గైడు కనపడినా గీకుతాడు."

హయగ్రీవ అట్ట తిప్పి చూపించాడు. "రాసినదెవరో చూడండి. వేదవ్యాస్ గారు! వ్యాసుడు రాసినదాన్నే దిద్దుతారా? ఆయన కాలిగోటికి సరిపోతారా మీరు?"

పెద్దాయన వంగి తన కాలిగోరు చూసుకున్నాడు.

"దానికైతే సరిపోతానేమోలేప్పా."

బస్సంతా గొల్లున నవ్వింది.

హయగ్రీవ గైడుని చొక్కాలో దోపుకుని చేతులు కట్టుకున్నాడు. ఎమ్మిగనూరులో దిగాక కూడా పెద్దాయన వెంటపడ్డాడు.

"ఒక్క గీతప్పా. ఒకే ఒక్క గీత!"

హయగ్రీవ ఆటో ఎక్కేశాడు.

క్లాసులో పొల్లు పోకుండా అప్పజెప్పాడు. జవాబు చుట్టూ డబ్బా కూడా గీశాడు.

"బాగుంది," అంది వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ పద్మ. "రెండు, మూడు పెట్టి సరిచూడండి."

రెండు పెట్టాడు. నాలుగు.

మూడు పెట్టాడు. ఇరవై ఏడు.

జవాబులో పెట్టాడు. రెండు చిల్లర!

హైదరాబాద్‌లో ఆగిన బస్సు కళ్ల ముందు కనిపించింది.

"పుస్తకంలో ఇట్లే ఉంది మేడమ్."

"అయితే పుస్తకాన్నే పెట్టుకుంటాంలెండి," అంది మేడమ్.

తిరుగు బస్సు దిగి హయగ్రీవ నేరుగా పుస్తకాల హుసేనప్ప మీద పడ్డాడు.

"ఏం గైడు అంటగట్టినావన్నా! నా ఉద్యోగం గంగలో కలిసింది. ఆ వేదవ్యాస్ యాడుంటాడో చెప్పు, ఉతికి ఆరేస్తా!"

హుసేనప్ప నెత్తి కొట్టుకున్నాడు.

"అచ్చుతప్పు పడిందని తెలిసినకాడి నుంచి ఆయప్పకి కూడు దిగలే సామీ. ఊరూరా తిరిగి ఒక్కో పుస్తకం దిద్దుకుంటాండాడు. పొద్దున నువ్వొచ్చినప్పుడు మా షాపు లోపలే ఉన్నాడు. దిద్దనిది ఒకటి నీకిచ్చేసినానని చెప్పినానో లేదో, టీ గలాసు ఆడనే పెట్టి, ఎర్రపెన్ను పట్టుకోని నీ బస్సు వెంట ఉరికినాడే, కలవలేదా?"